హేండిలు తిప్పిన చెయ్యి

శీర్షిక: అటక మీది సామాను



ఈ శీర్షికలో ఏడాదికొక పాత వస్తువుని అటక మీంచి దింపి, దుమ్ము దులిపి మీ ముందు పెట్టడం అలవాటైంది. కిందటేడు కుంపటి గురించి రాస్తే చాలామంది ఆడవాళ్ళు ఫోన్లు చేసి, "ఇంకా నయం, అది మళ్ళీ రావాలని రాశారు కాదు" అన్నారు. ఈ ఏడు దింపుతున్న వస్తువు విషయంలో ఆ భయం అక్కర్లేదు. అది మళ్ళీ రాదు, రాకూడదు కూడా. అది మోటారు ఇంజను స్టార్టు చేసే హేండిలు.

మన పిల్లల దగ్గర ఆ మాట అంటే తలుపు పిడి అనుకుంటారు. మొన్నొక కుర్రాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, "అంకుల్, కారుకి తాళంచెవి ఎందుకు ఉండేది?" అని అడిగాడు. వాడికి తెలిసిందల్లా జేబులో ఒక ఫోబ్, డాష్‌బోర్డు మీద ఒక బటను. తాళంచెవే పురావస్తువైపోయిన ఇళ్ళలో హేండిలు సంగతి ఎక్కడ మొదలుపెట్టాలి? అందుకని మొదటినుంచీ చెబుతాను. పెద్దవాళ్ళు ఓపిక పట్టాలి.

ఇంగ్లీషు జెడ్ అక్షరాన్ని కాస్త సాగదీసినట్టు, రెండుచోట్ల వంచిన ఇనప కడ్డీని ఊహించుకోండి. ఒక కొస చేత్తో పట్టుకోవడానికి. రెండో కొసన ఒక అడ్డ సీల ఉంటుంది. ఆ కొసని కారు ముందువైపు, బంపరులోనో రేడియేటరు కిందో ఉన్న కన్నంలోంచి లోపలికి దూరిస్తే, అది ఇంజను క్రాంక్ షాఫ్టు చివరనున్న గాడిలో పడి పట్టు దొరకబుచ్చుకుంటుంది. అప్పుడు బలంగా తిప్పాలి. ఇంజను అందుకుని తనంతట తను తిరగడం మొదలెట్టగానే, ఆ గాడికున్న ఏటవాలు అంచు కడ్డీని బయటికి నెట్టేస్తుంది. ఇంజను తిరుగుతూ ఉంటుంది, హేండిలు మన చేతికి వచ్చేస్తుంది. అన్నీ సవ్యంగా జరిగితే జరిగే సంగతి ఇది.

అసలు తిప్పడం ఎందుకు? పెట్రోలు ఇంజను ఎంత బలమైనదైనా మొదటి అడుగు తనంతట తను వెయ్యలేదు. దాని పని నాలుగు భాగాలు: పీల్చడం, నొక్కడం, పేలడం, వదలడం. పిస్టను కిందికి దిగుతూ పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని సిలిండరులోకి పీలుస్తుంది. పైకి వస్తూ దాన్ని నొక్కుతుంది. అప్పుడు స్పార్కు పడితే అది పేలి పిస్టన్ని కిందికి తోస్తుంది. మళ్ళీ పైకి వస్తూ పొగని బయటికి వదులుతుంది. ఈ నాలుగింట్లో బలం పుట్టేది మూడోదానిలోనే. మిగతా మూడూ ఆ బలాన్ని వాడుకుని చేసే పనులు.

మరి మొట్టమొదటిసారి పీల్చడానికీ నొక్కడానికీ బలం ఎక్కణ్ణించి వస్తుంది? మన సంఘంలో ఏటా ఎవరో ఒకరు ముందు తమ జేబులోంచి హాలు అద్దె కట్టి, తర్వాత టిక్కెట్లమ్మి రాబట్టుకుంటారు చూశారా, అలాగే ఎవరో ఒకరు అప్పు పెట్టాలి. ఆ అప్పు పెట్టేది మనిషి చెయ్యి. సైకిలు పంపు మూతిని వేలితో మూసి కొట్టి చూసినవాళ్ళకి గాలిని నొక్కడం ఎంత బరువో తెలుస్తుంది. ఆ పంపు స్థానంలో నాలుగు పెద్ద సిలిండర్లు పెట్టుకోండి.

హేండిలు కన్నా ముందు సంగతి ఇంకా మోటు. 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండికి వెనకవైపు అడ్డంగా ఒక పెద్ద ఫ్లైవీలు ఉండేది. దాన్నే రెండు చేతులా పట్టుకుని తిప్పేవారు. 1888లో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది అలాంటి బండి మీదే. పుట్టింటికి వెళ్ళాలంటే ఆడవాళ్ళు ఎంత చక్రమైనా తిప్పుతారని మా ఆవిడ అంటుంది.

హేండిలుకి అసలైన రాజ్యం మాత్రం ఫోర్డు మోడల్ టీ కాలం. 1908 నుంచి 1927 దాకా ఆ కార్లు సుమారు కోటీ యాభై లక్షలు తయారయ్యాయి. నేను మిషిగన్ రాష్ట్రంలో ముప్ఫై ఏళ్ళు కార్ల విడిభాగాల పనిలోనే గడిపాను. ఇక్కడ వేసవి వచ్చిందంటే పాత కార్లవాళ్ళు పార్కుల్లో చేరి, బండ్లు తుడుచుకుంటూ, ఆగినవాళ్ళకల్లా కథలు చెబుతూ కూచుంటారు. అలాంటి చోట ఒక అమెరికన్ పెద్దాయన తన మోడల్ టీని నాచేత స్టార్టు చేయించాడు. చేయించే ముందు పది నిమిషాలు పాఠం చెప్పాడు. మన పురోహితులు సంకల్పం చెప్పించినంత శ్రద్ధగా చెప్పాడు.

మొదట చేతి బ్రేకు పూర్తిగా వెనక్కి లాగాలి. స్టీరింగు కింద రెండు చిన్న మీసాల్లాంటి లివర్లుంటాయి. కుడివైపుది పెట్రోలుకి, దాన్ని కొంచెం కిందికి దించాలి. ఎడమవైపుది స్పార్కు పడే వేళని మార్చేది, దాన్ని పూర్తిగా పైకి నెట్టాలి. తర్వాత దిగి ముందుకి వెళ్ళి, రేడియేటరు పక్కన వేలాడే తీగ ఉంగరాన్ని లాగి పట్టుకుని, స్విచ్చి వెయ్యకుండానే హేండిల్ని రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా తిప్పితే పెట్రోలు లోపలికి చేరుతుంది. అప్పుడు స్విచ్చి వేసి, మళ్ళీ ముందుకి వచ్చి, హేండిల్ని లోపలికి నొక్కి, కింద నుంచి పైకి ఒక్క గుంజు గుంజాలి. మోడల్ టీలో హేండిలు ఊడి రాదు, ముక్కు కింద ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది.

"ఎడమ చెయ్యి. పైకి లాగడమే గాని కిందికి తొయ్యకూడదు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి." ఈ మూడు మాటలూ ఆయన నాచేత తిరిగి చెప్పించుకున్నాడు. నేను అలవాటుగా, గరిటె పట్టుకున్నట్టు, బొటనవేలు అటువైపు చుట్టి పట్టుకోబోతుంటే గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. మూడో గుంజుకి ఇంజను అందుకుంది. బండి మొత్తం జ్వరం వచ్చినవాడిలా వణికింది. ఆయన చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం భుజం ఆ రాత్రంతా గుర్తు చేస్తూనే ఉంది.

ఆ మూడు జాగ్రత్తలూ ఎందుకో చెప్పాలి. పెట్రోలు ఆవిరి అంటుకున్నాక మంట సిలిండరంతా పాకడానికి కొంచెం సమయం పడుతుంది. అందుకని ఇంజను వేగంగా తిరిగేటప్పుడు పిస్టను ఇంకా పై కొస చేరకముందే స్పార్కు వేస్తారు. కానీ చేత్తో తిప్పేటప్పుడు ఆ వేగం ఉండదు. ఎడమ లివరు పైకి నెట్టడం మరిచిపోతే, పిస్టను ఇంకా పైకి వస్తుండగానే మందు పేలిపోతుంది. అప్పుడు పిస్టను వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇంజను ఎదురు తిరుగుతుంది, దానితోపాటు హేండిలూ తిరుగుతుంది. మన వాళ్ళు దాన్ని 'రివర్సు కొట్టడం' అనేవారు. బొటనవేలు చుట్టి పట్టుకున్న చెయ్యి హేండిలుని వదల్లేదు. పైనుంచి కిందికి తోస్తున్న చెయ్యి బరువంతా ఆ ఎదురుదెబ్బ మీదే పడుతుంది. ఎడమ చేత్తో వేళ్ళు ఆనించి పైకి లాగుతుంటే, ఆ దెబ్బకి హేండిలు వేళ్ళలోంచి జారిపోతుంది.

జారకపోతే ఏమవుతుందో మన డాక్టర్లకి తెలుసు. ముంజేతిలో బొటనవేలి వైపుండే ఎముక మణికట్టు దగ్గర విరుగుతుంది. ఆ విరుపుకి వైద్య గ్రంథాల్లో ఇప్పటికీ 'షోఫర్స్ ఫ్రాక్చర్' అనే పేరు. అంటే కారు డ్రైవరు విరుపు. ఇప్పుడు అది మంచు మీద జారి చెయ్యి ఆనించినవాళ్ళకి వస్తోంది గాని, పేరు మాత్రం డ్రైవరుదే. హేండిలు పోయినా దాని ఆనవాలు ఎముకల పుస్తకంలో మిగిలింది.

షోఫర్ అనే మాటకీ ఒక కథ ఉంది. అది ఫ్రెంచి మాట. అసలర్థం నిప్పు వేసేవాడు, కాచేవాడు. మొదట్లో ఆవిరి బండ్లకి బాయిలరు కింద మంట పెట్టేవాణ్ణి అలా పిలిచేవారు. తర్వాత మంట పోయినా పిలుపు ఉండిపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి, మన ఊళ్ళ సంగతికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

హేండిలు బాధ ఎముకతో ఆగలేదు. మిషిగన్ చలికాలంలో ఆయిలు తేనెలా చిక్కబడేది. మోడల్ టీలో ఆ చిక్కటి ఆయిలు వల్ల క్లచ్చి పూర్తిగా విడిపోక, ఇంజను అందుకోగానే కారు మెల్లిగా ముందుకి పాకేది. ముందు నిలబడింది ఎవరు? హేండిలు తిప్పినవాడు. అందుకని చాలామంది వెనక చక్రం ఒకటి జాకీ మీద పైకి లేపి మరీ స్టార్టు చేసేవారు.

ఇంత తంటా ఉన్నందువల్లే మొదట్లో పెట్రోలు కారు గెలుస్తుందని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. 1900లో అమెరికాలో తయారైన సుమారు 4,200 కార్లలో పెట్రోలువి నాలుగో వంతు కన్నా తక్కువ. మిగతావి ఆవిరివి, కరెంటువి. కరెంటు కారుకి హేండిలు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. అందుకని కంపెనీలవాళ్ళు దాన్ని ఆడవాళ్ళ కారని ప్రకటనలు వేసేవారు. ఊరంతటికీ మోడల్ టీలు అమ్మిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారా స్వయంగా నడుపుకున్నది 1914 నాటి డెట్రాయిట్ ఎలెక్ట్రిక్. ఇంటి ఇల్లాలు ఇంటి కంపెనీ సరుకు వాడకపోవడం అన్ని దేశాల్లోనూ ఉందన్నమాట.

అలాగని ఆడవాళ్ళకి హేండిలు చేతకాదని కాదు. 1909లో ఆలిస్ రామ్‌సే అనే 22 ఏళ్ళ యువతి న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా, రోడ్లే సరిగా లేని రోజుల్లో, మాక్స్‌వెల్ కారు నడుపుకుంటూ 59 రోజుల్లో చేరింది. వెంట ముగ్గురు ఆడవాళ్ళున్నారు గాని వాళ్ళలో ఎవరికీ డ్రైవింగు రాదు. ఆ కారుకీ హేండిలే. కాబట్టి అడ్డం వచ్చింది ఆడతనం కాదు. రోజూ పొద్దున్నే చెయ్యి పణంగా పెట్టాల్సి రావడం. అది మగవాళ్ళకీ ఇష్టమేమీ కాదు. మీసాలు అడ్డం వచ్చి పైకి చెప్పలేకపోయారంతే.

హేండిలు ఎలా పోయిందో చెప్పే కథ డెట్రాయిట్‌లో ఒకటుంది. బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు, బెల్ ఐల్ దగ్గర ఆగిపోయిన కారులో ఉన్న ఒకావిడకి సాయం చెయ్యబోయి హేండిలు తిప్పాడట. అది వెనక్కి తన్ని దవడ విరగ్గొట్టిందట, ఆ దెబ్బ ముదిరి ఆయన చనిపోయాడట. అది విని ఆయన స్నేహితుడు, కాడిలాక్ కంపెనీ పెద్ద హెన్రీ లేలండ్, తన కార్ల వల్ల ఇంకెవరి ప్రాణమూ పోకూడదని పట్టుబట్టాడట. కథ చెప్పేవాళ్ళు ఇది 1910 చలికాలంలో జరిగిందంటారు. కార్టర్ చనిపోయింది 1908లో. కాబట్టి ఈ కథకి కాళ్ళు కొంచెం వంకర. లేలండ్ స్టార్టరు కావాలని పట్టుబట్టిన మాట మాత్రం నిజం.

ఆ పని చేసిపెట్టింది ఒహాయో రాష్ట్రం డేటన్ ఊరి చార్లెస్ కెటరింగ్. ఈయన పేరు మనకి మరో వైపునుంచి పరిచయం. న్యూయార్క్‌లో పేరుమోసిన స్లోన్ కెటరింగ్ కాన్సరు సంస్థలోని కెటరింగ్ ఈయనే. అంతకుముందు కరెంటు మోటారు, గాలి ఒత్తిడి, స్ప్రింగు అంటూ చాలామంది చాలా ప్రయత్నాలు చేశారు. ఇంజన్ని తిప్పగలిగే కరెంటు మోటారు పెట్టాలంటే అది ఇంజనంత ఉండాలి, దాని బ్యాటరీకి ఇంకో బండి కావాలి అని పెద్దలు లెక్కలు కట్టి వదిలేశారు.

కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో డబ్బు లెక్క చూసే కాష్ రిజిస్టరుకి కరెంటు మోటారు అమర్చాడు. ఆ మోటారు రోజంతా తిరగక్కర్లేదు. సొరుగు తెరిచే ఒక్క క్షణం గట్టిగా పనిచేస్తే చాలు, తర్వాత చల్లారడానికి కావలసినంత తీరిక. కారుకీ అంతేగా! చిన్న మోటారుచేత కొద్ది క్షణాలు దాని శక్తికి మించిన పని చేయించి వదిలేస్తే కాలిపోదు. ఇంజను అందుకున్నాక అదే యంత్రాన్ని ఇంజనుచేత తిప్పిస్తే జెనరేటరై బ్యాటరీని నింపుతుంది. పెట్టిన అప్పు వడ్డీతో సహా వసూలు. 1911లో పని పూర్తయింది. 1912 కాడిలాక్ కార్లు హేండిలు అవసరం లేకుండా బజార్లోకి వచ్చాయి.

ఇక్కడ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ కాడిలాక్ ఖరీదు సుమారు 1,800 డాలర్లు. అదే ఏడు మోడల్ టీ 700 డాలర్ల లోపు. మోడల్ టీకి కంపెనీ స్టార్టరు వచ్చింది 1919లో, అదీ తలుపులూ కప్పూ ఉన్న ఖరీదైన రకాలకి ముందు. అంటే 1,800 పెట్టగలిగినవాడి మణికట్టు ఏడేళ్ళ ముందు గట్టెక్కింది. 1920లు ముగిసేసరికి అమెరికాలో హేండిలు డిక్కీలో పడి ఉండే అత్యవసరపు కడ్డీ అయింది. కరెంటు కారుకున్న పెద్ద సుఖం పెట్రోలు కారుకీ అమరడంతో కరెంటు కారు వెనకబడిపోయింది.

పుస్తకాల్లో కథ ఇక్కడ ముగుస్తుంది. కానీ నేను హేండిలు మొదటిసారి చూసింది అమెరికాలో కాదు. ఇక్కడ డిక్కీలో నిద్రపోయిన తర్వాత ఇంకో యాభై అరవై ఏళ్ళు అది మన జిల్లాల్లో పనిచేస్తూనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకి రేషను వచ్చినప్పుడు మన వైపు బొగ్గు బస్సులు నడిచాయి. బస్సు వెనకాల మనిషెత్తు డ్రమ్ము తగిలించి, అందులో బొగ్గు అరకొరగా కాలిస్తే పుట్టే గ్యాసుతో ఇంజను నడిపేవారు. బయల్దేరేముందు ఆ నిప్పు రాజెయ్యడానికి చేత్తో తిప్పే బ్లోయరు ఉండేది. క్లీనరు ముందు అది తిప్పాలి, తర్వాత ముందుకొచ్చి ఇంజను హేండిలు తిప్పాలి. ఆ గ్యాసులో ఉండేది కార్బన్ మోనాక్సైడ్, వాసన తెలియని విషం. పొద్దున్న బస్సు బయల్దేరేసరికి క్లీనరు మొహం బొగ్గైపోయి ఉండేదని మా నాన్నగారు చెప్పేవారు. షోఫర్ అంటే నిప్పు వేసేవాడన్నాను కదా. ఫ్రెంచివాళ్ళ మాటకి సరిగ్గా సరిపోయిన మనిషి మన క్లీనరే. కాకపోతే స్టీరింగు ముందు కూచునే భాగ్యం వాడికి లేదు.

తర్వాత పొలాల్లోకి ఆయిలింజన్లు వచ్చాయి. డీజిలింజనులో స్పార్కు ఉండదు, గాలిని మరీ గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. అంత నొక్కుడుకి ఎదురు తిప్పడం మనిషి వల్ల కాదు. అందుకని ఇంజను నెత్తిన ఒక చిన్న లివరు పెట్టారు. అది ఎత్తితే వాల్వు తెరుచుకుని గాలి బయటికి పోతుంది, హేండిలు తేలిగ్గా తిరుగుతుంది. ఫ్లైవీలు వేగం అందుకోగానే లివరు వదిలెయ్యాలి. డుబ్... డుబ్... డుబ్ డుబ్ డుబ్ మంటూ నల్లటి పొగ, వెంటనే బోదెలో నీళ్ళు. ఆ చప్పుడు ఎరిగినవాళ్ళు ఈ సంచిక చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. హేండిలు సకాలంలో ఊడి రాకపోతే అది ఇంజనుతోపాటు తిరుగుతూ, ఎప్పుడు ఎటు ఎగురుతుందో తెలిసేది కాదు. చేత్తో తిప్పే డీజిలింజన్లు ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి.

1960ల మొదట్లో మా ఊరి ధాన్యం మిల్లుకి ఒక పాత లారీ ఉండేది. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బాపతు, పెట్రోలు ఇంజను. చెప్పొచ్చేదేమిటంటే, దానికి సెల్ఫ్ స్టార్టరు ఉంది. పనిచేసే స్టార్టరే. లేనిది బ్యాటరీ. పాతది చచ్చిపోయింది, కొత్తది కొనలేదు. రోజూ తెల్లవారుజామున డ్రైవరు సీట్లో కూచుని, "ఒరేయ్, హేండిలు కొట్టరా" అనేవాడు. పదహారో పదిహేడో ఏళ్ళ క్లీనరు కుర్రాడు "వస్తున్నా గురువుగారూ" అంటూ తలగుడ్డ బిగించుకుని ముందుకొచ్చేవాడు. బడికెళ్ళే మాకు అది తమాషా. ఎన్నో గుంజుకి స్టార్టవుతుందో పందాలు వేసుకునేవాళ్ళం. దసరాకి మిల్లులో ఆయుధపూజ చేస్తే మరలకీ, త్రాసుకీ, లారీకీ పసుపూ కుంకుమా పెట్టి, హేండిలుకి కూడా ఒక బొట్టు పెట్టేవారు.

ఒకరోజు ఇంజను విప్పి బిగించాక స్పార్కు టైమింగు తప్పింది. మర్నాడు పొద్దున్న మొదటి గుంజుకే హేండిలు వెనక్కి తన్నింది. కుర్రాడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఊళ్ళో కట్టు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి, గుడ్డుసొన పట్టించి, కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. క్లీనరుగా చేరిన ప్రతివాడూ ఏనాటికైనా డ్రైవరు కావాలనే చేరతాడు. ఆ కుర్రాడు మళ్ళీ లారీ ఎక్కలేదు. మిల్లులోనే తవుడు బస్తాల మూతులు కుట్టే పనిలో కుదురుకున్నాడు. దబ్బనం ఎడమచేత్తో పట్టడం నేర్చుకున్నాడు.

లారీ ఆగిందా అంటే, ఆగలేదు. మర్నాడు ఇంకో కుర్రాడు వచ్చాడు. హేండిలు అదే. బ్యాటరీ మాటెత్తితే, "అంత డబ్బు పోసి ఇప్పుడెందుకు, చేతులున్నాయిగా" అన్నారు. అందులో క్రూరత్వం ఉందని ఎవరూ అనుకోలేదు, అన్నవాళ్ళతో సహా. ఆ రోజుల్లో లెక్క అలాగే ఉండేది. బ్యాటరీ కొనాలి, చెయ్యి ఊరికే దొరుకుతుంది.

ఇంజనీరుగా పనిచేసిన ఏళ్ళలో నాకు ఈ సంగతి తరచు గుర్తొచ్చేది. ఏ వస్తువు ఏ సంవత్సరంలో కనిపెట్టారో పుస్తకాలు ఠంచనుగా చెబుతాయి. సెల్ఫ్ స్టార్టరుకి 1911 అని రాస్తాయి, పిల్లలు బట్టీపడతారు. కానీ కనిపెట్టిన రోజున వస్తువు అందరికీ చేరదు. ముందు కారులో కూచునేవాడికి చేరుతుంది. హేండిలు తిప్పేవాడికి చేరేది, వాడి చెయ్యి బ్యాటరీ కన్నా ఖరీదైన రోజున. డెట్రాయిట్‌లో ఆ రోజు తొందరగా వచ్చింది, మా మిల్లులో ఆలస్యంగా వచ్చింది. ఆ లారీలో స్టార్టరు ఉండనే ఉంది కదా. కాబట్టి ఆలస్యం చేసింది విజ్ఞానం కాదు.

మన వైపు కార్లలో హేండిలు ఇంకా చాలాకాలం ఉంది. పాత అంబాసిడర్లలో బంపరుకి కన్నం ఉండేది, కడ్డీ డిక్కీలో ఉండేది. రోడ్డు మీద తగువు వచ్చినప్పుడు డ్రైవరు అది చేతపట్టుకుని దిగితే సగం తగువు అక్కడే తీరిపోయేది. 1950ల చివర మొదలైన అంబాసిడర్ల తయారీ 2014లో ఆగింది. ఇప్పుడు మనం నడిపే కార్లు కొన్ని సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా ఇంజన్ని ఆపేసి, బ్రేకు మీంచి కాలు తియ్యగానే మళ్ళీ స్టార్టు చేసుకుంటాయి. ఆఫీసుకెళ్ళి వచ్చేలోపు పాతిక ముప్ఫైసార్లు స్టార్టయినా మనకి తెలియను కూడా తెలియదు. ఇక కరెంటు కార్లకైతే స్టార్టు చెయ్యడమన్న మాటే లేదు. క్లారా ఫోర్డు చూస్తే, "నూరేళ్ళు పట్టిందా మీకు?" అనేది.

పండగ భోజనాల దగ్గర మన సంఘంలో మూడు తరాలవాళ్ళు ఒకే బంతిలో కూచుంటారు. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు కూడా ఉంటారు. పిల్లలకి ఒక పని చెబుతున్నాను. వాళ్ళ పక్కన కూచుని ఈ హేండిలు సంగతి ఎత్తండి. మీ ఊళ్ళో మొట్టమొదటి కారు ఎవరిదో వాళ్ళు తడుముకోకుండా చెబుతారు. దాని రంగు చెబుతారు, నంబరు కూడా చెబుతారు. అప్పుడు ఇంకో ప్రశ్న వెయ్యండి: పొద్దున్నే దాని హేండిలు తిప్పినవాడి పేరేమిటి? గుర్తొస్తే ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. వచ్చే సంచికలో ఈ శీర్షికలోనే ఆ పేర్లన్నీ వేద్దాం.